రెండువైపులా క్రెప్స్

"ఇంట్లో పక్షులేమైనా పెంచుతారా అమ్మా?" అని అడిగింది డాక్టరు అక్షయ.

"లేవండి," అంది అన్వరీ.

పక్క కుర్చీలో కూర్చున్న అలీ ఉలిక్కిపడి భార్య వంక చూశాడు. వించిపేటలో వాళ్ల మేడ మీద దగ్గర దగ్గర అరవై పావురాలున్నాయి. చుట్టుపక్కల వీధులవాళ్లు ఎవరికైనా దారి చెప్పాలంటే పావురాల అలీ ఇల్లు దాటాక అనే చెబుతారు. కూరగాయలవాడితో కూడా అబద్ధమాడటం చేతకాని మనిషి, డాక్టరు ముందు కూర్చుని తడుముకోకుండా లేవనేసింది.

డాక్టరు ఊరుకోలేదు. కోళ్లున్నాయా, పక్కింట్లో చిలకలున్నాయా, ఈకలు కూరిన దిండ్లు వాడతారా, బూజుపట్టిన ధాన్యం దగ్గర పనిచేశారా అని వరసపెట్టి అడిగింది. అన్నిటికీ అన్వరీ తల అడ్డంగానే ఊపింది. అలీ నోరు విప్పవచ్చు. విప్పలేదు. 'బతికించావే' అనుకున్నాడు లోపల. ఆ క్షణాన అతనికి కలిగింది ఊరటే, దాచుకోవడం దేనికి.

వానాకాలంలో మొదలైన ఆయాసం అన్వరీకి చలి వెళ్లే రోజులొచ్చినా తగ్గలేదు. ఒకరు నిమ్ము చేరిందన్నారు. ఒకరు టీబీ పరీక్ష రాసి, టీబీ కాదని తేల్చి, దగ్గు మందు ఇచ్చి పంపారు. ఈమధ్య మెట్లెక్కితే మధ్యలో కూలబడుతోంది. చివరికి సూర్యారావుపేటలో ఊపిరితిత్తుల డాక్టరు ఉందని తెలిసి, మోటార్ వైండింగ్ షాపుకి తాళం వేసి, అలీయే వెంటబెట్టుకుని వచ్చాడు.

అక్షయ స్టెతస్కోపు అన్వరీ వీపు మీద పెట్టింది. నోరు తెరిచి గట్టిగా గాలి పీల్చమంది. పైన, మధ్యన, కింద, మళ్లీ కింద. ఒకచోట ఆగి చాలాసేపు విని, పక్కన నిలబడ్డ కుర్ర డాక్టరు సిద్ధార్థను పిలిచింది.

"రెండువైపులా క్రెప్స్. కింద బాగా ఉన్నాయి, విను."

సిద్ధార్థ విన్నాడు. విని, చాలా క్లియర్‌గా ఉన్నాయి మేడమ్ అన్నాడు. పాపం అతనికి సంతోషం వేసింది. పాఠంలో చదివింది మొదటిసారి చెవికి చిక్కితే ఎవరికి వెయ్యదు. అలీకి మాత్రం ఆ ముఖంలోని వెలుగు చూసి ఒళ్లు మండింది.

"క్రెప్స్ అంటే ఏందండీ? పిల్లికూతలేనా?" అన్నాడు.

అక్షయ కాగితం మీంచి తలెత్తింది. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లెవరూ ఈ ప్రశ్న వేసినట్టు లేదు. "కాదండీ. పిల్లికూతలంటే గాలి గొట్టాలు ఇరుకైతే వచ్చే ఈల. మందు పీలిస్తే తగ్గుతుంది. ఇది వేరు. ఊపిరితిత్తుల చివర సన్నటి గాలి తిత్తులుంటాయి. అవి మెత్తగా ఉండాలి. ఆ భాగం గట్టిపడితే అవి ముడుచుకుని మూసుకుపోతాయి. పీల్చినప్పుడల్లా ఒక్కోటి టప్పున తెరుచుకుంటుంది. ఆ చప్పుడే క్రెప్స్. మీ చెవి పక్కన నాలుగు వెంట్రుకలు పట్టుకుని వేళ్లతో నలిపి చూడండి, తెలుస్తుంది."

అలీకి చెవి పక్కన వెంట్రుకలు ఎప్పుడో పోయాయి. గడ్డం పైకి లాక్కుని నలుపుకున్నాడు. సన్నగా చిటపటమంది. సరిగ్గా వినపడక తల అటూ ఇటూ వంచుతుంటే అక్షయకు నవ్వొచ్చింది కాబోలు, స్టెతస్కోపు తీసి అతని చెవులకు పెట్టి, రెండో కొస అన్వరీ వీపు మీద ఆనించింది.

"పీల్చమ్మా."

మొదట గాలి వెళుతున్న చప్పుడు వచ్చింది. ఆ వెంటనే, శ్వాస ఇక చాలనుకునే చోట, ఎక్కడో దూరాన మూకుట్లో ఆవాలు చిట్లాయి. వదిలింది. నిశ్శబ్దం. మళ్లీ పీల్చింది. మళ్లీ చిట్లాయి. అలీ ఊపిరి బిగబట్టాడు. ముప్పై ఏళ్లు పక్కన పడుకున్న మనిషి లోపల ఇంత గోల జరుగుతుంటే బయటికి ఒక్క చప్పుడూ రాలేదు. స్టెతస్కోపు చెవుల్లోంచి తీయడం కూడా తెలియలేదు. సిద్ధార్థే తీశాడు.

ఇది ఎన్నాళ్ల నుంచి ఉందని అడిగాడు అలీ. నెలల నుంచి ఉండొచ్చు, ఏళ్ల నుంచీ ఉండొచ్చు అంది అక్షయ. "దేనివల్ల వస్తోందో తెలియకుండా నేను దీన్ని ఆపలేనండీ. అందుకే పక్షుల సంగతి అన్నిసార్లు అడిగాను."

"ఉన్నయ్యండి," అన్నాడు అలీ. మాట అతని ప్రమేయం లేకుండానే బయటపడింది. "పావురాలు."

అక్షయ పెన్ను కింద పెట్టింది. కోప్పడలేదు. అన్వరీ వంక చూసింది. అన్వరీ దుపట్టా సర్దుకుని గోడ మీది క్యాలెండరు వంక చూసింది.

"గూడు ఎవరు శుభ్రం చేస్తారు?"

"ఈవిడే," అన్నాడు అలీ. రోజూ కళ్లెదుట జరిగేదే, నోటితో చెప్పేసరికి అతనికే కొత్తగా, ఘోరంగా వినిపించింది.

ఎండిన రెట్ట పొడి, రెక్కల మీది తెల్లటి పొడి ఏళ్ల తరబడి పీల్చి పీల్చి ఇలా అయిందని అక్షయ నెమ్మదిగా చెప్పింది. గట్టిపడ్డ భాగం మళ్లీ మెత్తబడదని, మిగిలినదాన్నయినా కాపాడుకోవాలని, రేపటికల్లా మేడ మీద ఒక్క పావురం కూడా ఉండకూడదని చెప్పింది. అలీ తల ఊపుతూనే విన్నాడు. చివర్లో గొంతు సవరించుకుని అడిగాడు.

"మందులు వాడుకుంటా, ఈవిడ పైకి రాకుండా కిందే ఉండి, నేనే పైన చూసుకుంటే కుదరదాండీ?"

"మీ చొక్కా మీద కూడా కిందికి వస్తుందండీ ఆ పొడి."

అన్వరీ చిన్నగా నవ్వింది. ఇందులో నవ్వడానికేముందో అలీకి అర్థం కాలేదు.

ఆటోలో అతను ఆమెను కేకలేశాడు. డాక్టరు దగ్గర అబద్ధమాడితే నష్టం ఎవరికని అడిగాడు. నోటికి అట్టా వచ్చేసిందండీ అని మాత్రం అని, అన్వరీ కాలవ వైపు చూస్తూ కూర్చుంది. ఇంటికి చేరాక పక్కింటి సంపూర్ణమ్మ గారు గుమ్మంలోకి వచ్చి, డాక్టరు ఏమందని అడిగింది. పావురాల వల్లేనంట అని అలీ చెబితే, ఆవిడ అన్వరీ ముఖంలోకి ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్లిపోయింది.

అలీ మేడెక్కాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అలీ రచ్చ ఒక్కటే గెలిచాడు. పందేనికని దగ్గర దగ్గర నాలుగొందల కిలోమీటర్ల అవతల బల్లార్షాలో పొద్దున్నే వదిలిన అతని పావురం చీకటి పడేలోగా వించిపేట గూట్లో వాలిందంటే జిల్లాలో పావురాలు పెంచేవాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టేవాళ్లు. కప్పులు, శాలువాలు, పేపర్లో ఫోటో, అన్నీ అతనివే. పావురాన్ని చేతిలోకి తీసుకుని రెక్క విప్పి ఈక ఈకా చూడటం, జొన్నలూ పెసలూ కలిపి వేయడం, ఈల వేసి దింపుకోవడం, ఇవీ అతను చేసే పనులు. రోజూ పొద్దున్నే ఇనప రేకు పట్టుకుని వంగి గూళ్ల అరల్లోంచి రెట్ట గీకేది అన్వరీ. గీకి, చీపురుతో ఊడ్చి, గోనెసంచిలో నింపి కిందికి మోసేది. అది కూడా ఒక పనే అని అలీ ఏనాడూ అనుకోలేదు. అన్నం తిన్నాక కంచం ఎక్కడికి వెళుతుందో పట్టించుకోని మగవాడికి ఇదీ అంతే.

ఆ పూట మొదటిసారి రేకు తను పట్టుకున్నాడు. పై అర గీకాడు. పొడి లేచి, కిటికీలోంచి పడుతున్న ఎండలో నిలిచిపోయింది. చూస్తుండగానే గొంతులో గరగర మొదలై దగ్గొచ్చింది. కింద నుంచి అన్వరీ కేకేసింది, ముక్కుకి గుడ్డ కట్టుకోమని. నువ్వు కట్టుకునేదానివా అని అడగబోయి ఆగిపోయాడు. కట్టుకునేది కాదని అతనికి తెలుసు. గుడ్డ కట్టుకుంటే అప్పట్లో తనే నవ్వేవాడేమో కూడా.

ఇక పావురాలను ఎవరికివ్వాలి? చల్లపల్లిలో పవన్‌కుమార్ అనే బియ్యం వ్యాపారి ఎన్నాళ్లనుంచో ఈ పావురాల కోసం కాచుకుని ఉన్నాడు. పందేల్లో అలీకి పోటీదారు, పనిలో గట్టివాడు. ఫోను చేస్తే సాయంత్రానికి బండి పంపుతాడు. కానీ పుట్టిన గూడు మరవని హోమర్ జాతి పావురాన్ని ఎదిగాక బయట వదిలితే ఏమవుతుందో పవన్‌కుమార్‌కి బాగా తెలుసు. కిటికీకి ఇనప జాలీ బిగించి జన్మలో తలుపు తీయడు, పిల్లల కోసం జతకట్టించుకుంటాడు. వాడిది మొరటు చెయ్యి అని అన్వరీతో చెప్పి, అలీ కంకిపాడుకి ఫోను చేశాడు.

కంకిపాడులో హబీబ్ అనే కుర్రాడికి సెల్‌ఫోన్ల షాపుంది. లక్కా పావురాలు నాలుగు పెంచుతాడు. తోకలు విప్పుకుని డాబా మీద తిరుగుతాయే గానీ గోడ దాటి ఎగరలేవు. అలీ అంటే అతనికి గురుభావం. చాచా పావురాలు తన ఇంటికొస్తున్నాయంటే నమ్మలేక, మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటోలో వెదురు గంపలేసుకుని దిగిపోయాడు.

అలీ అతనికి అన్నీ నేర్పాడు. గింజలు ఎంతెంత కలపాలో, నీళ్లలో వెల్లుల్లి ఎప్పుడు వేయాలో, ఏ జంటకు ఏ జంటతో పడదో చెప్పాడు. చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఇంకొకటి మిగిలింది. ఈ పావురాలు ఎక్కడ వదిలినా పుట్టిన గూటికే వస్తాయి కాబట్టి ఎప్పుడూ బయటికి వదలకూడదన్న మాట. అందులోనూ కంకిపాడు వాటికి కొత్త కాదు. పిల్లలకు ఎగరడం నేర్పేటప్పుడు అలీ మొట్టమొదట తీసుకెళ్లి వదిలేది ఆ ఊరి పొలిమేరలోనే. ఆ మాట పెదవుల దాకా వచ్చింది. పావురాలు పెంచేవాడికి ఆమాత్రం తెలియదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు అలీ. ఇలా సర్దిచెప్పుకోవడంలో మనిషిని మించిన జీవి లేదు.

ఆటో మలుపు తిరిగేదాకా అతను వీధిలో నిలబడ్డాడు. అన్వరీ గుమ్మంలోంచి చూసింది. మీకు బాధగా ఉందా అని అడిగితే, బాధేముంది, నీకంటే ఎక్కువా అన్నాడు. ఆ మాట అన్నందుకు అతనికి తన మీద తనకే గౌరవం కలిగింది. మేడ మీది గూడు మాత్రం విప్పలేదు. ఆదివారం వడ్రంగిని పిలుద్దామన్నాడు. పావురాలు లోపలికొచ్చే చిన్న కిటికీ తెరిచే ఉంది.

రెండు రోజులు ఇల్లు బోసిగా ఉంది. డాక్టరిచ్చిన మాత్రలతో అన్వరీ కాస్త తేలిగ్గా పడుకుంది. మూడో రోజు పొద్దున అలీ పళ్లు తోముకుంటుంటే మేడ మీద రెక్కల చప్పుడైంది.

బ్రష్షు నోట్లో ఉండగానే రెండేసి మెట్లెక్కాడు. పిట్టగోడ మీద నీలపుచారల ఆడపావురం, దాని పక్కన దాని జత. చూస్తుండగానే కంకిపాడు వెళ్లే బందరు రోడ్డు వైపు ఆకాశంలో ఇంకో గుంపు కనపడింది. ఒక చుట్టు తిరిగి, ఏటవాలుగా దిగి, ఒకదాని వెనక ఒకటి కిటికీలోంచి గూట్లోకి దూరాయి. అలీకి కళ్లనిండా నీళ్లొచ్చాయి. అన్వరీ జబ్బు, డాక్టరు మాట, స్టెతస్కోపులో విన్న చప్పుడు, అన్నీ ఆ కాసేపు అతని బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయాయి. మూలనున్న డబ్బాలోంచి గింజలు చల్లాడు. ఎవరూ లేకపోయినా, గట్టిగానే, శభాష్ అన్నాడు.

ఫోను మోగింది. హబీబ్. రెక్కలు సాగుతాయని పొద్దున్నే తలుపు తీశాడట, క్షణంలో అన్నీ లేచిపోయాయట. "నమ్మి ఇచ్చారు చాచా, పోగొట్టేశాను, నన్ను క్షమించండి," అని బతిమాలాడు. అలీ చెప్పాల్సింది చెప్పలేదు. పర్లేదులేరా, ఇక్కడికే వచ్చినయ్ అని పెద్దమనసుతో అతన్ని ఓదార్చాడు.

కిందికొస్తే అన్వరీ వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. దుపట్టా ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పొయ్యి మీద పాలు పొంగబోతుంటే కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాచి మంట తగ్గించింది.

"అన్నీ వచ్చినయ్యా?"

"చాలావరకు వచ్చినయ్. ఆ హబీబ్‌కి తెలీదంట, తలుపు తీశాడంట."

"మీరు చెప్పలేదా?"

అలీ నోరు కడుక్కునే వంకతో కుళాయి దగ్గరికి వెళ్లాడు. నీళ్లు కట్టేశాక కూడా ఆమె మాట అక్కడే ఉంది.

"చల్లపల్లి ఆయనకిస్తే వచ్చేయి కావుగా," అంది అన్వరీ. కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది, అతను కూడా కోప్పడి తప్పించుకునేవాడు. ఉన్న మాటంటే ఉలుకెక్కువ. అలీ ఎదురు తిరిగాడు. డాక్టరమ్మ అంత వివరంగా అడుగుతుంటే లేవని చెప్పింది నువ్వు కాదా, నేను నోరు విప్పకపోతే ఈపాటికి ఏమయ్యేదానివి అని గొంతు పెంచాడు.

అన్వరీ ఊపిరి కూడదీసుకుంది. ఒక్కో మాటకీ మధ్య ఆగి ఆగి చెప్పింది. పావురాల సంగతి తనకు వానాకాలంలోనే తెలుసట. సంపూర్ణమ్మ గారిని తోడు తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్లినప్పుడే అక్కడి డాక్టరు వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, ఇంట్లో పావురాలుంటే తీసేయమని గట్టిగా చెప్పాడట. ఎవరికీ చెప్పవద్దని సంపూర్ణమ్మ గారి దగ్గర మాట తీసుకుందట.

అలీ నెలలు లెక్కపెట్టుకున్నాడు. వానాకాలం నుంచీ. తెలిసి కూడా ఆమె రోజూ రేకు పట్టుకుని మేడెక్కింది. తెలిసి కూడా ఊడ్చింది, సంచి మోసింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. "చెబితే తీసేసేవాణ్ణి కదా."

అన్వరీ పాలగిన్నె దించింది. మసిగుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"చెబితే అడిగినట్టే కదండీ. అడిగాక మీరు కాదంటే?"

అలీ తల అడ్డంగా ఊపాడు.

"కాదంటారని కాదు. అంటారేమోనని భయం," అంది. "ఆయాసం ఉన్నా ఎట్టాగో బతుకుతాం. మీరు కాదన్నాక ఈ ఇంట్లో ఎట్టా బతకను? దానికంటే తెలీకుండా ఉండటమే నయమనిపించింది. మొన్న తీసేయమని నేను అడగలేదు, ఆ డాక్టరమ్మ అడిగింది. మీరేమన్నారో నేను విన్నాగా."

ఒట్టేసి చెప్పాలనిపించింది అలీకి, నేనలాంటివాణ్ణి కాదని. నువ్వొక్క మాట అని ఉంటే ఆ రోజే మేడ ఖాళీ చేసేవాణ్ణని. పైన పావురాలు గింజలకోసం కొట్లాడుకుంటున్న చప్పుడు కిందికి స్పష్టంగా వినిపిస్తోంది. తను ఇంతకాలం పైన పావురాలను చూస్తుంటే, కింద నుంచి అన్వరీ తనను చూస్తూనే ఉందని తెలిసొచ్చింది. గోడకు జారబడి కూర్చున్నాడు. అన్వరీ టీ పోసి అతని ముందు పెట్టింది, రోజూ పెట్టినట్టే.

ఆ మధ్యాహ్నమే అతను గూటి కిటికీ మూసి పావురాలన్నిటినీ పట్టాడు. చేతికి అలవాటైనవి, ఒక్కటీ బెదరలేదు. గంపలకెత్తి, పెట్టెలో సుత్తి, మేకులు, ఇనప జాలీ చుట్ట వేసుకుని ట్రాలీ ఆటో మాట్లాడుకుని కంకిపాడు బయల్దేరాడు. అన్వరీని సంపూర్ణమ్మ గారింట్లో కూర్చోబెట్టాడు. గూడు ఇవాళే పీకించేస్తానని, గోడలు కడిగించేదాకా ఇటు రావద్దని చెప్పాడు. అన్వరీ సరేనంది. నమ్మిందో లేదో ఆ ముఖంలో తెలియలేదు. అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు.

హబీబ్ ఇంటి డాబా మీద కొత్త గూడు అందంగా ఉంది. ముందువైపు పావురాలు ఎగిరి వెళ్లడానికి వెడల్పాటి కిటికీ పెట్టించాడు. దానికి పచ్చరంగు కూడా వేయించాడు. అలీ పావురాలను లోపలికి వదిలి, చొక్కా చేతులు మడిచి, ఆ కిటికీకి అడ్డంగా జాలీ పరిచి మేకులు కొట్టడం మొదలుపెట్టాడు. హబీబ్‌కి అర్థం కాలేదు. చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

"ఇవి ఎదిగిన హోమర్లురా. వదిలితే నా ఇంటికే వస్తాయి. ఇంక వదలబాకు."

"ఎన్నాళ్లు చాచా?"

"ఎప్పటికీ."

"ఎప్పటికీనా? బల్లార్షా నుంచి వచ్చిన పావురం కదా చాచా, ఆ నీలపుచారలది."

అలీ ఇంకో మేకు తీసుకున్నాడు. ఈ సంగతి నీకు మొన్ననే చెప్పాల్సింది, కావాలనే చెప్పలేదు అన్నాడు. హబీబ్ నమ్మలేదు. ఇంటి దిగులులో మర్చిపోయి ఉంటారు, తప్పు నాదే, నేనైనా అడగాల్సింది అని తప్పంతా తన నెత్తినే వేసుకున్నాడు. పిల్లవాడి మంచితనం అలీకి చెంపదెబ్బలా తగిలింది.

హబీబ్ భార్య ఇఫ్రా టీ తెచ్చింది. చాచీకి ఎలా ఉందని అడిగింది. కొత్తగా పెళ్లయిన పిల్ల, మనసులో మాట దాచుకోలేదు. పావురాలు తీసేయమని చాచీ పట్టుబట్టిందా అని కూడా అడిగింది.

"లేదమ్మా. ఒక్కసారి కూడా అడగలేదు."

హబీబ్ కళ్లు మెరిశాయి. భార్య వైపు తిరిగాడు. "విన్నావా? ఆమె అడగనైనా అడగలేదంట. ప్రాణంగా పెంచుకున్నవి తెచ్చి తన చేత్తోనే మేకులు కొట్టేస్తున్నాడు. మొగుడంటే అట్టా ఉండాలి."

ఇఫ్రా ఎంతో గౌరవంగా అలీ వంక చూసింది. ఆ చూపు ముందు టీ గ్లాసు పట్టుకోవడం కష్టమైంది అతనికి. గ్లాసు పిట్టగోడ మీద పెట్టాడు. వాళ్లిద్దరినీ అలా అనుకోనిచ్చి లేచి వచ్చేయవచ్చు. ఊళ్లో పదిమందికీ వాళ్లే చెబుతారు, అన్వరీ చెవిన కూడా పడుతుంది. జాలీ వెనక నీలపుచారల పావురం ఇనప తీగలను ముక్కుతో పొడిచి చూస్తోంది.

"అడగడానికి మీ చాచీ భయపడింది హబీబ్," అన్నాడు. "నేను కాదంటానని."

హబీబ్ ముఖంలోని నవ్వు అలాగే ఉండి, మెల్లగా పోయింది. ఇఫ్రా భర్త వంక చూసింది. హబీబ్ వంగి, కింద పడిన మేకులు ఒక్కొక్కటే ఏరి అలీ చేతికి అందించసాగాడు.